గీత దాటిన వంటలు

మలేషియాలో పెనాంగ్ దీవి మీదున్న జార్జ్‌టౌన్‌లో దాదాపు ప్రతి వీధి మొగదలా ఒక కాఫీ కొట్టు ఉంటుంది. పాత మేడ కింది భాగం, నెమ్మదిగా తిరిగే పంకాలు, చలవరాతి పలక వేసిన గుండ్రటి బల్లలు, అరిగిపోయిన చెక్క కుర్చీలు. కొట్టు యజమాని అమ్మేది కాఫీ, టీ, చల్లటి పానీయాలు, అంతే. తిండి అమ్మేది వేరేవాళ్ళు. వరండాలోనో గోడ వారనో అద్దెకు చోటు తీసుకుని నాలుగైదు బండ్లు నిలబడి ఉంటాయి. ఒకాయన రొయ్యల చారులో నూడుల్స్ అమ్ముతాడు. పక్కనావిడ ఆవిరి మీద ఉడికిన బియ్యప్పిండి చుట్టల మీద నల్లటి రొయ్యల ముద్ద పలచన చేసి పోసి ఇస్తుంది. ఒకరి బండి మీద దొరికేది ఇంకొకరి బండి మీద దొరకదు. ఒక్కో బండికి ఒక్కటే వంట, చాలాచోట్ల రెండు తరాలుగా, మూడు తరాలుగా అదే వంట.

ఖాళీ బల్ల చూసుకుని కూర్చుని, ఒకరు లేచి బండి బండికీ వెళ్ళి కావలసింది చెప్పి, బల్ల ఎక్కడుందో చేత్తో చూపించి రావాలి. ఈలోపు కాఫీ కొట్టు మనిషి వచ్చి తాగడానికేం కావాలని అడుగుతాడు. ఏదో ఒకటి చెప్పడం మర్యాద, ఆయన బతుకు దానిమీదే. పళ్ళెం బల్ల దగ్గరికి రాగానే తెచ్చినవాళ్ళ చేతిలోనే డబ్బు పెట్టాలి. మూడు బండ్ల నుంచి తెప్పించుకుంటే మూడు లెక్కలు, కాఫీది నాలుగో లెక్క. ఇంత మంది వ్యాపారం ఒకే కప్పు కింద నడుస్తున్నా, గల్లాపెట్టెలు వేరు, పొయ్యిలు వేరు, పేచీ మాత్రం ఎక్కడా కనిపించలేదు.

మా తమ్ముడు పెనాంగ్ దీవికి దక్షిణాన బయాన్ లెపాస్‌లో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇంజనీరు. 1972లో పారిశ్రామికవాడ పెట్టినప్పటి నుంచి ఆ ప్రాంతం చిప్పులకు పేరుపడింది. "అక్కా, ఇక్కడ చూడాల్సినవి గుళ్ళూ మేడలూ కాదు, ముందు తినాలి" అని వాడు ఫోన్‌లో చాలాసార్లు అన్నాడు. గుళ్ళూ మేడలూ కూడా చూశాను. కానీ వాడు చెప్పిన దాంట్లో నిజముందని మొదటి రాత్రే తెలిసింది.

చార్ క్వే తియావ్ అనే వంట గురించి అక్కడ ఎవరిని కదిపినా, ఏ బండి గొప్పదో తలా ఒకటి చెబుతారు. తమ్ముడు నన్ను తీసుకెళ్ళిన బండి ఒక ముసలావిడది. బొగ్గుల పొయ్యి, దానిమీద నల్లగా మెరిసే ఇనప బాణలి. వరుసలో జనం ఎంతమంది ఉన్నా ఆవిడ ఒక్కసారికి ఒక్క పళ్ళేనికే వేస్తుంది. అరగంట పట్టినా ఎవరూ తొందరపెట్టరు. దగ్గరగా నిలబడి చూశాను. మొదట పంది కొవ్వు, అందులో వెల్లుల్లి తరుగు, వెంటనే నాలుగు రొయ్యలు. అవి రంగు మారుతుండగానే వెడల్పాటి బియ్యపు నూడుల్స్ ఒక గుప్పెడు, ఆ పైన మొలకలు. మూతకి చిల్లులు పెట్టిన సీసా నుంచి సోయా నీళ్ళు రెండు విదిలింపులు. ఆ నీళ్ళు బాణలి అంచుకి తగలగానే సుర్రుమని పొగ లేస్తుంది. ఆ పొగే ఈ వంటకి ప్రాణం. తర్వాత మిరప ముద్ద. నూడుల్స్ ఒక పక్కకి నెట్టి, ఖాళీ అయిన చోట బాతు గుడ్డు కొట్టి, అది సగం గట్టిపడేదాకా ఆగి, నూడుల్స్ దానిమీదికి తిప్పేస్తుంది. గుల్లలు ఆఖర్న వేస్తుంది. ముందే వేస్తే గట్టిపడిపోతాయి, కాబట్టి దింపేముందు ఒక్కసారి వేడి తగిలితే చాలు. అరిటాకు ముక్క పరిచిన పళ్ళెంలోకి దించేసరికి రెండు నిమిషాలు కూడా కాలేదు.

ఒక్కసారికి ఒక్క పళ్ళెమే ఎందుకని తమ్ముడి చేత మలయ్‌లో అడిగించాను. రెండు పళ్ళేలవి ఒకేసారి వేస్తే బాణలి చల్లబడుతుంది, నూడుల్స్ నీరు వదిలి ఉడకడం మొదలుపెడతాయి, కాలవు అంది. అంతే చెప్పి మళ్ళీ పనిలో పడింది.

ఆ గుల్లలు మన కాకినాడ అఖాతంలో దొరికే బుడితల జాతివే. పూర్వం చేపలు పట్టేవాళ్ళూ, బురదలో గుల్లలు ఏరేవాళ్ళూ పొద్దుగూకాక నాలుగు డబ్బుల కోసం ఈ నూడుల్స్ వేయించి అమ్మేవారట. రేవులో బరువులు మోసిన కూలీలకి కొవ్వుతో నిండిన ఈ పళ్ళెం చవగ్గా దొరికే బలం. దక్షిణ చైనా నుంచి వచ్చిన హొక్కియన్లూ టియోచ్యూలూ తమ ఊరి బియ్యపు నూడుల్స్‌ని ఇక్కడి గుల్లలతో, ఇక్కడి మిరపకాయలతో కలిపి కొత్త వంట చేసుకున్నారు.

నన్ను ఆలోచనలో పడేసింది మర్నాడు తిన్న రెండో చార్ క్వే తియావ్. అది ఒక మలయ్ ముస్లిం బండి. అదే నూడుల్స్, అవే గుల్లలు, అవే మొలకలు. పంది కొవ్వు లేదు, చైనావాళ్ళు వేసే సాసేజ్ ముక్కలు లేవు. వాటి బదులు నూనె, ఎక్కువ రొయ్యలు, కొంచెం జారుగా ఉండే మసాలా. రుచి వేరు. అయినా పేరు అదే, బాణలి అదే, సుర్రుమనే పొగా అదే. ముసలావిడ బండి దగ్గరికి ఈ ముస్లిం వంటవాడు తన జన్మలో తినడానికి వెళ్ళి ఉండడు. వెళ్ళాల్సిన పనీ లేదు. మనిషి గీత దాటలేదు, వంట దాటి వచ్చింది. దాటేటప్పుడు ఒక సరుకు అవతలే వదిలేసి, ఇంకొక సరుకు తెచ్చుకుంది.

అప్పటి నుంచి పెనాంగ్‌లో ఏది తిన్నా ఇదే వెతికాను. వెతికిన ప్రతిచోటా దొరికింది.

ఈ దీవి కథ ఓడలతో మొదలవుతుంది. 1786 ఆగస్టు 11న ఫ్రాన్సిస్ లైట్ కెడా సుల్తాన్ ఏలుబడిలో ఉన్న ఈ దీవిని ఈస్టిండియా కంపెనీ పేరు మీద స్వాధీనం చేసుకున్నాడు. సుంకాలు లేని రేవు కావడంతో చైనా నుంచి, అచే నుంచి, సయాం నుంచి, బర్మా నుంచి, గుజరాత్ నుంచి, తమిళ తీరం నుంచి మనుషులు వచ్చిపడ్డారు. వచ్చినవాళ్ళ వీధులూ గుళ్ళూ మసీదులూ ఇళ్ళూ అలాగే నిలిచి ఉన్నందుకు 2008లో మలక్కాతో పాటు జార్జ్‌టౌన్‌ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

మన తెలుగువాళ్ళూ ఆ ఓడల్లోనే వచ్చారు. 1926లో నీళ్ళలోకి దిగిన రజులా అనే ఓడ మద్రాసు, నాగపట్నం మీదుగా పెనాంగ్‌కీ సింగపూర్‌కీ దశాబ్దాలపాటు మనుషుల్ని చేరవేసింది. రోగాలున్నాయేమో చూడటానికి కూలీలను ముందు జెరెజాక్ అనే చిన్న దీవిలో దించి ఉంచేవారు. 13.5 కిలోమీటర్ల పెనాంగ్ వంతెన మీద కారు పోతుంటే ఆ దీవి పచ్చగా కనిపిస్తుంది. అక్కడ దిగిన విశాఖ, గోదావరి జిల్లాల జనంలో చాలామంది పేరా రాష్ట్రంలో రబ్బరు తోటలకీ కొబ్బరి తోటలకీ వెళ్ళిపోయారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకుని భాషని నిలబెట్టుకున్నారు. వాళ్ళ గోంగూర, వాళ్ళ పులుసులు పెనాంగ్ వీధుల్లో ఎందుకు కనిపించవని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. నాకు తోచిన జవాబు ఇది: రేవులో నిలిచిపోయినవాళ్ళ వంట వీధికెక్కింది, తోటల్లోకి వెళ్ళినవాళ్ళ వంట ఇంట్లోనే ఉండిపోయింది. వీధి వంట పుట్టాలంటే పరాయివాడు ఆకలితో మన ముందు నుంచి నడిచిపోవాలి. తోటలో అలాంటివాడు ఎక్కడ దొరుకుతాడు?

రేవులో నిలిచినవాళ్ళలో తమిళ ముస్లింలు ముఖ్యులు. నాసి కందార్ వాళ్ళ సృష్టి. నాసి అంటే అన్నం, కందార్ అంటే కావడి. భుజాన కావడి వేసుకుని, ఒక వైపు గంపలో అన్నం, రెండో వైపు గంపలో కూరలు పెట్టుకుని రేవు కూలీల దగ్గరికే మోసుకెళ్ళి వడ్డించేవారు. ఇప్పుడు కావడి లేదు, కొట్లున్నాయి. 1907లో మొదలైన హమీదియా ఇంకా నడుస్తోంది. పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాటేదాకా, కొన్నిచోట్ల రాత్రంతా, అన్నం పెడుతూనే ఉంటారు.

మేం వెళ్ళిన కొట్టులో పెద్ద పెద్ద గిన్నెల వెనక ఒక నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు. నా ముఖం చూసి తమిళంలో "ఏ ఊరక్కా?" అన్నాడు. నెల్లూరు జిల్లా దక్షిణపు వాళ్ళకి తమిళం ఇరుగుపొరుగు భాషే కాబట్టి తడుముకోకుండా చెప్పాను. "నెల్లూరా? మా తాతది రామనాథపురం పక్క. నేను ఒక్కసారే వెళ్ళాను" అంటూ అన్నం పెట్టాడు. బెండకాయ, కోడి కూర, సొరచేప ముక్క. తర్వాత అసలు పని మొదలుపెట్టాడు. ఒక గిన్నెలోంచి కోడి పులుసు, ఇంకో గిన్నెలోంచి చేప పులుసు, మూడోదాంట్లోంచి పప్పు, నాలుగోదాంట్లోంచి నల్లగా చిక్కగా ఉన్నదేదో, గరిటె మీద గరిటె పోసేశాడు. పళ్ళెంలో అన్నం మునిగిపోయింది. అలాగే మునగాలి, "బంజిర్" అని అడిగి మరీ పోయించుకుంటారు. వరద అని ఆ మాటకి అర్థం. మా ఇంట్లో పప్పు, పులుసు, రసం దేని వంతు దానిదే. ఇక్కడ అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిశాకే రుచి. మొదటి ముద్దకి గందరగోళంగా అనిపించింది. నాలుగో ముద్దకి ఆ పులుసుల్ని విడదీయాలన్న కోరికే పోయింది.

గొడ్డు మాంసం కూర ఆ వరసలోనే ఉంది, దాని గిన్నె, దాని గరిటె వేరు. నేను అడక్కముందే "అది కాదక్కా, మీకు ఇటువైపువి" అన్నాడు. పక్క బల్ల దగ్గర కూర్చున్న చైనా పెద్దాయన కూడా అది వద్దనే అన్నాడు. కరుణాదేవి క్వాన్ యిన్‌ని కొలిచేవాళ్ళలో చాలామంది గొడ్డు మాంసం ముట్టరని తర్వాత తెలిసింది. ఒక మలయ్ జంట అదే కూర రెండోసారి పోయించుకున్నారు. ఎవరు ఏం తినరో వడ్డించేవాడికి తెలుసు. దాని గురించి ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. ఆఖర్న పళ్ళెం వైపు ఒక్కసారి చూసి ధర చెప్పేశాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకుని తీరాలి. పంది మాంసం ఉండే చైనా కాఫీ కొట్లలోకి ముస్లింలు రారు. గర్నీ డ్రైవ్ లాంటి పెద్ద తిండి బజారుల్లో హలాల్ బండ్లు ఒక వైపు, మిగతావి ఒక వైపు. అందరూ ఒకే కంచంలో తింటున్నారని పర్యాటక ప్రకటనలు చెప్పినట్టు నేను రాయలేను. గీతలు ఉన్నాయి, గట్టిగానే ఉన్నాయి. నాకు పెనాంగ్ నచ్చింది ఆ గీతలు లేనందుకు కాదు, వాటిని చెరపకుండానే పక్కవాడి వంటని ఇంట్లోకి తెచ్చుకునే దారి వెతుక్కున్నందుకు. మామక్ మీ గోరెంగ్ అనే నూడుల్స్ వేపుడు సంగతే చూడండి: చైనావాళ్ళ గోధుమ నూడుల్స్, తమిళ ముస్లిం చేతి కారం, బంగాళాదుంప ముక్కలు, సోయా పెరుగు ముక్కలు, పైన నిమ్మకాయ పిండుడు. ‘కర్రీ మీ’ అనే నూడుల్స్ వంట దానికి ఎదురు దారిలో వచ్చింది: మన మసాలా పొడి, కొబ్బరి పాలు చైనావాడి బండి మీదికి ఎక్కి, వాడి పంది నెత్తురు ముక్కల పక్కన కూర్చున్నాయి. మనకీ ఇది కొత్త కాదు. తెలుగు ఊళ్ళలో ఏ సెంటర్‌కి వెళ్ళినా ఫాస్ట్‌ఫుడ్ బండి మీద నూడుల్స్ వేగుతుంటాయి. హైదరాబాద్‌లో రంజాన్ నెలలో హలీం కోసం నిలబడే వరుసలో అన్ని మతాలవాళ్ళూ ఉంటారు. ఆ వరుసని నేను ఇక ముందు ఇంకాస్త ఆప్యాయంగా చూస్తాను.

మా మరదలు పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు. పెళ్ళయి ఈ దీవికి వచ్చాక బయట తిండి విషయంలో చాలా ఇబ్బంది పడింది. రోటీ చనాయ్, అంటే మన పరోటా, పప్పుతో తినేది. అప్పాలు, లిటిల్ ఇండియాలో ఇడ్లీ, దోశ ఎలాగూ ఉన్నాయి. చైనా బండ్ల దగ్గర మాత్రం తమ్ముడు తింటుంటే తను కొబ్బరి బోండాం పట్టుకుని కూర్చునేది. "వదినా, సరైన రోజుల్లో వచ్చావు, రేపటి నుంచి నేనూ తింటాను" అంది ఆ రాత్రి. నాకు అర్థం కాలేదు.

మర్నాడు వీధిలోకి వెళ్ళేసరికి బండ్ల మీద పసుపు పచ్చ జెండాలు వెలిశాయి. తొమ్మిదిమంది చక్రవర్తి దేవతల పండగ అది. చైనా పంచాంగంలో తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు, అంటే తరచుగా మన శరన్నవరాత్రులతో కలిసే వస్తుంది. ఆ రోజుల్లో భక్తులు తెల్లబట్టలు కట్టుకుంటారు, మాంసం, గుడ్డు మానేస్తారు, చాలామంది ఉల్లి, వెల్లుల్లి కూడా. పసుపు జెండా ఉన్న బండి మీద శాకాహారమే. రోజూ పంది మాంసం అమ్మే వాళ్ళలో కూడా కొందరు పొయ్యి, బాణలి కడిగి ఆ తొమ్మిది రోజులూ శాకాహారం వండుతారు. ఊళ్ళో ఎక్కడ పడితే అక్కడ తాత్కాలికంగా కొత్త బండ్లు లేస్తాయి.

ఒక జెండా బండి దగ్గర చార్ క్వే తియావ్ చెప్పాం. కొవ్వు లేదు, రొయ్యల్లేవు, గుల్లల్లేవు, గుడ్డు లేదు, వెల్లుల్లి కూడా లేదు. ఇన్ని తీసేశాక ఏం మిగులుతుందనుకున్నాను. పుట్టగొడుగులు, గోధుమ బంకతో చేసిన ముక్కలు, సోయా తోలు వేయించి వేశాడు. బాణలి వేడి మిగిలింది, సోయా నీళ్ళు అంచున కాలిన వాసన మిగిలింది. మరదలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇన్నేళ్ళూ మీ తమ్ముడి పళ్ళెంలోంచి వచ్చే వాసన ఇదే వదినా" అంది. ఆ పళ్ళెం పూర్తిచేసి ఇంకొకటి చెప్పింది. ఆ తొమ్మిది రోజుల్లోనూ రొయ్యలు లేని రొయ్యల నూడుల్స్ దగ్గర నుంచి అన్నీ ఒక వరసలో తినేస్తుంది ప్రతి ఏడూ.

గీత దాటడం ఇలా కూడా ఉంటుంది: మరదలి కోసం ఎవరూ ఏదీ మార్చలేదు. ఆ బండివాళ్ళు తమ దేవతల కోసం నియమం పట్టారు, ఆ నియమం తెరిచిన తలుపులోంచి ఒక తెలుగు అమ్మాయి లోపలికి వెళ్ళింది. జనవరిలోనో ఫిబ్రవరిలోనో వచ్చే తమిళుల పండగ తైపూసం నాడు వెండి రథం వెళ్ళే దారిలో కొబ్బరికాయలు గుట్టలు పోసి కొట్టేవాళ్ళలో చైనా కుటుంబాలు బోలెడంటాడు తమ్ముడు. ఊరి నడిబొడ్డున ఒకే చిన్న పరిధిలో 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, క్వాన్ యిన్ గుడి, 1833 నాటి మహామారియమ్మన్ గుడి, కపితాన్ కెలింగ్ మసీదు ఉన్నాయి. ఒక్క సాయంత్రంలో నాలుగూ నడిచి చూశాం. ప్రతి గుమ్మానికి కాస్త దూరంలో ఏదో ఒక బండి ఉంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కాఫీ గింజల్ని పంచదారతో, మార్జరిన్‌తో కలిపి నల్లగా వేయించి, గుడ్డ సంచీలో వడకట్టి ఇస్తారు. మన ఫిల్టర్ కాఫీ అలవాటున్న నాలుక దానికి ఒప్పుకోవడానికి కొంత సమయం కావాలి. చెండోల్ మాత్రం ఎండలో ఒక వరం: తురిమిన మంచు, కొబ్బరి పాలు, తాటి బెల్లం లాంటి ముదురు బెల్లపు పాకం, పండాన్ ఆకు రసంతో పచ్చగా చేసిన పిండి తీగలు, ఎర్ర చిక్కుడు గింజలు. కెంగ్ క్వీ వీధి మొదట్లో 1936 నుంచి ఉన్న చెండోల్ బండి చుట్టూ జనం నిలబడే తాగుతారు, గిన్నె అక్కడే ఇచ్చేసి వెళతారు.

ఈ వైభవం ఎంతకాలం ఉంటుందన్న దిగులు అక్కడ అందరిలోనూ ఉంది. బొగ్గుల పొయ్యిలు తగ్గి గ్యాస్ వచ్చింది. బాణలి ముందు నిలబడ్డ వాళ్ళలో తలనెరిసినవాళ్ళే ఎక్కువ. పొయ్యి వేడికి పొద్దుటి నుంచి నిలబడటం కన్నా ఫ్యాక్టరీ ఉద్యోగమో సింగపూర్ ఉద్యోగమో మేలని పిల్లలు అనుకోవడంలో తప్పేమీ లేదు. 2022 చివర్లో మిషెలిన్ గైడ్ పెనాంగ్‌కి వచ్చి కొన్ని వీధి బండ్ల పేర్లు కూడా రాసుకుంది. 2024లో మలేషియా ఉదయపు అల్పాహార సంస్కృతిని యునెస్కో గుర్తించింది. ఇవన్నీ మంచివే. కానీ ఏ గుర్తింపూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి రొయ్యల తలలు వేయించి చారు కాయదు.

ఒక విషయంలో నాకు అక్కడివాళ్ళతో ఏకాభిప్రాయం లేదు. పరాయి దేశాల పనివాళ్ళు బండ్ల దగ్గర వంట చెయ్యకూడదని 2016 జనవరి నుంచి పెనాంగ్‌లో నియమం పెట్టారు. రుచి పాడైపోతుందన్న భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. తాతల నాటి రుచి మీద ప్రేమ లేకపోతే ఈ ఊరే లేదు. కానీ మొట్టమొదట ఇక్కడ నూడుల్స్ వేయించినవాడూ పరాయివాడే, కావడి మోసినవాడూ పరాయివాడే. ఇవాళ గిన్నెలు కడుగుతున్న బంగ్లాదేశ్ కుర్రాడో మయన్మార్ కుర్రాడో పదేళ్ళు ముసలావిడ పక్కన నిలబడి నేర్చుకుంటే, ఆ బాణలి చల్లబడకుండా చూసుకునేది వాడే కావచ్చు. నేర్పడానికి ఆవిడ ఉండగానే నేర్చుకోవాలి. చేతికి పట్టుబడే విద్య ఇది, కాగితం మీద దాచుకునేది కాదు.

తిరిగి వచ్చేముందు తమ్ముడు దీవికి పడమటి వైపున్న బాలిక్ పులావ్‌కి తీసుకెళ్ళాడు. కొండ దారి, అటూ ఇటూ డూరియన్ చెట్లు, జాజికాయ చెట్లు. ఈస్టిండియా కంపెనీవాళ్ళు మలుకు దీవుల నుంచి తెచ్చి నాటించిన పంట జాజికాయ; కాయ పైకండతో చేసిన జాజికాయ రసం ఇప్పటికీ పెనాంగ్ బండ్ల మీద దొరుకుతుంది. ఆ చిన్న ఊళ్ళో లక్సా తినడానికే నగరం నుంచి జనం వస్తారు. పెనాంగ్ ఆసం లక్సాని 2011లో సీఎన్ఎన్ ప్రపంచపు రుచికరమైన వంటల జాబితాలో ఏడో స్థానంలో పెట్టింది. ఎవరు ఏ స్థానంలో పెట్టినా పెట్టకపోయినా, గిన్నె ముందుకి రాగానే నా ఒళ్ళు ఝల్లుమంది. వచ్చిన వాసన మా అమ్మ చేపల పులుసుది.

నిజంగానే అది చేపల పులుసే. కానాగడతలు ఉడకబెట్టి, ముళ్ళు తీసి, కండ చిదిమి, చింతపండు పులుసులో మళ్ళీ మరిగిస్తారు. 1803లో పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం తీరపు చేపల మీద వేసిన పుస్తకంలో ఎక్కిన తెలుగు పేరుతోనే ఈ చేపని ఇవాళ శాస్త్రవేత్తలు పిలుస్తారు. చింతపండుకి తోడు ఎండబెట్టిన పుల్లటి కాయ ముక్కలు, ఎండుమిర్చి, చిన్న ఉల్లిపాయలు, నిమ్మగడ్డి, రొయ్యల ముద్ద. అల్లం జాతి మొక్క గులాబీ రంగు మొగ్గ ఒకటి సన్నగా తరిగి వేస్తారు, దాని పరిమళం నేను ఇంకెక్కడా ఎరగను. గిన్నెలో లావాటి తెల్లటి బియ్యపు నూడుల్స్ పెట్టి, మరుగుతున్న పులుసు గరిటెతో పోసి, మళ్ళీ కుండలోకి వంచేసి, మళ్ళీ పోసి, నూడుల్స్ లోపలిదాకా వేడెక్కాక ఆపేస్తారు. పైన దోసకాయ, అనాస, ఉల్లి, పుదీనా. పక్కన చెంచాలో తేనె రంగు దాటి నల్లబడిన తియ్యటి రొయ్యల పాకం. దాన్ని ఎంత కలుపుకోవాలన్నది తినేవాళ్ళ ఇష్టం.

బండి ఆవిడకి నలభై దాటి ఉంటాయి. అత్తగారి దగ్గర నేర్చుకుందట. మేం మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెళ్ళడంతో కాస్త మాటల్లో పడింది, ఇంగ్లీషులో కొంత, తమ్ముడి మలయ్‌లో కొంత. మా ఊళ్ళో కూడా చింతపండుతో చేపలు వండుతామని చెప్పాను. నూడుల్స్‌తోనా అంది. అన్నంతో అన్నాను. అనాస వెయ్యరా అంది. వెయ్యం, వేసవిలో పుల్ల మామిడికాయ వేస్తాం అన్నాను. గరిటె కుండ మీద ఆన్చి ఆగిపోయింది.

"మామిడికాయా? చేపలోనా? అప్పుడు చింతపండు తగ్గిస్తారా?"

సగానికి తగ్గిస్తాం, కాయ పులుపుని బట్టి అన్నాను.

"ముందే వేస్తారా, చివర్లోనా?"

పులుసు మరిగాక, చేప ముక్కలతో పాటు, కాయ ముక్క మెత్తబడాలి గానీ కరిగిపోకూడదు అని చెప్పాను. ముళ్ళు తీసి వేస్తారా అని అడిగింది. తియ్యం, ముక్కలుగానే వేస్తాం, పొద్దున్న వండింది రాత్రికి ఇంకా బాగుంటుంది అన్నాను. దానికి ఆవిడ గట్టిగా తల ఊపింది, అది తనకీ తెలుసన్నట్టు. తర్వాత లోపల గిన్నెలు సర్దుతున్న కొడుకుని కేకేసి హొక్కియన్‌లో ఏదో చెప్పింది. వాడు నా వైపు చూసి నవ్వుతూ, రేపు బజారులో పచ్చి మామిడికాయలు ఉన్నాయేమో చూడమంటోందని ఇంగ్లీషులో చెప్పాడు.

"అమ్మడానికి కాదు," అంది ఆవిడ వెంటనే. "ముందు ఇంట్లో చిన్న కుండలో వండి చూస్తాను. ఎన్ని కాయలు తెమ్మను?"

కిలో చేపకి ఒక కాయ చాలని చెప్పాను.